బుల్లోడా, నీ చెయ్యి దొరికింది

రాజమండ్రి
ఆదివారం రాత్రి, పదకొండు దాటింది

ఒరేయ్ బుల్లోడా,

ఎంత తిట్టినా పడతాను. నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. మాఘమాసం ముహూర్తాలతో ఊపిరి సలపలేదు. తీసిన పెళ్ళిళ్ళలో సగం ఆల్బమ్‌లు ఇంకా కంప్యూటర్‌లోనే ఉన్నాయి. మా చిన్న బావమరిది తెల్లవారుజామున హైదరాబాద్ వెళ్ళి, అక్కణ్ణుంచి మీ టొరంటోకి విమానం ఎక్కుతున్నాడు. నాలుగింటికి కారు వస్తుంది. ఈలోపు ఎంత రాయగలిగితే అంత.

ఇక్కడి సంగతులు గబగబా చెప్పేస్తాను. అమ్మ బాగుంది, మోకాళ్ళ నొప్పులే. పెద్దదానికి ఇంటర్ పరీక్షలు, ఇల్లంతా టెన్షన్. మీ మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు, తాళాలు నా దగ్గరున్నాయి. మన చిన్నప్పటి జామకాయ కేసులో రెండో ముద్దాయి కూతురికి సంబంధం కుదిరింది, ఫోటోలు నేనే తియ్యాలట. అయిపోయాయి.

అసలు సంగతి వేరు. నీ చెయ్యి దొరికిందిరా! ఎడమ చెయ్యి. మన డాక్టరుగారింట్లో, ఓ పుస్తకంలో.

ఉండు, మొదట్నించీ చెప్తాను.

సందు చివర డాక్టరుగారు పోయి రెండేళ్ళయింది కదా. పిల్లలు కిందటి నెల ఇల్లు అమ్మేశారు. శుక్రవారం పొద్దున స్టూడియోకి వెళ్తూ అటు చూస్తే, అరుగు మీద పాత పేపర్లాయన కాటా పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన నడుమెత్తు పుస్తకాల గుట్ట. కాటా మీద ఓ లావుపాటి ఎర్ర అట్ట పుస్తకం. మూడున్నర కిలోలు. కిలో 15 రూపాయల లెక్కన 52 రూపాయల 50 పైసలు. స్కూటర్ ఆపి వంగి చూశాను కదా, గ్రేస్ అనాటమీ, డాక్టర్లు చదివే శరీర నిర్మాణం పుస్తకం. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

డాక్టరుగారి కోడలు బయటికొచ్చారు. ఆవిణ్ణి ఒక్కమాట కూడా అనను, మంచి మనిషి. చెన్నైలో రెండు గదుల ఫ్లాటు, ఎక్కడ పెట్టుకుంటారు? "కావలసినవి తీసుకోండి అన్నయ్యగారూ, మామయ్యగారు కూడా సంతోషిస్తారు" అన్నారు. పాత పేపర్లాయన పొట్ట కొట్టడం ఇష్టంలేక, ఆయన లెక్కకి రెండింతలు ఇచ్చి, షట్టరు వేసేసి, ఆ రోజంతా అరుగు మీదే కూర్చున్నాను. మూడు పార్టీలు ఫోన్ చేశారు. ఎత్తలేదు.

అన్నీ తెచ్చుకోలేదులే. పాత మందుల మోతాదుల పుస్తకాలు వదిలేశాను. అవి 1960ల నాటివి. అప్పుడు రోజూ ఇచ్చిన మందులు కొన్ని ఇప్పుడు ఇవ్వనే ఇవ్వరు. అలాంటి పుస్తకం ఎవరి చేతిలోనైనా పడి, చూసి నమ్మితే ప్రాణాల మీదికి వస్తుంది. కానీ ఎముకలు మారవు కదరా. నరాలు మారవు. 1858లో లండన్‌లో మొదటి ముద్రణ వచ్చినప్పుడు మణికట్టులో ఎనిమిది ఎముకలే, ఇవాళ నీ మణికట్టులోనూ ఎనిమిదే. మొదటి పేజీలో డాక్టరుగారి చేతిరాత ఉంది. "వైజాగ్, 1961. నాన్న ధాన్యం అమ్మి పంపిన డబ్బుతో." పుస్తకం 1958 నాటి ముద్రణ, అంటే సరిగ్గా మొదటిది వచ్చిన నూరేళ్ళకి. నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చున్నాను.

నీకో కథ చెప్పాలి. ఆ పుస్తకానికి పేరు హెన్రీ గ్రేది, కానీ మొదటి ముద్రణలో బొమ్మలన్నీ వేసింది ఇంకో డాక్టరు, హెన్రీ వాండైక్ కార్టర్. 363 బొమ్మలు. అచ్చులో తిన్నగా రావాలని చెక్క దిమ్మెల మీద కుడిఎడమలు తిరగేసి గీశాడు. అప్పటిదాకా చాలా పుస్తకాల్లో బొమ్మ మీద అ, ఆ అని గుర్తులు పెట్టి, కింద ఎక్కడో వివరం రాసేవారు. కుర్రాళ్ళు పైకీ కిందికీ చూసుకుంటూ చచ్చేవాళ్ళు. ఈయన నరం మీదే నరం పేరు, కండరం మీదే కండరం పేరు రాశాడు. ఆ ఒక్క ఆలోచన ఎంతమంది ప్రాణాలు కాపాడి ఉంటుందో ఊహించు. ఆయనకి ఇచ్చింది 150 పౌండ్లు, అదీ ఒక్కసారే. పైగా అచ్చుకి ముందే, మొదటి పేజీలో ఆయన పేరు చిన్న అక్షరాల్లోకి దిగిపోయేలా గ్రే దిద్దాడట. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆల్బమ్ మీద తీసినవాడి పేరు వెయ్యకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా! ఆ కార్టర్, పుస్తకం వచ్చిన ఏడాదే మన బొంబాయి వచ్చి, ముప్పై ఏళ్ళు ఈ దేశంలోనే పనిచేశాడు. కుష్ఠురోగం మీద పరిశోధన చేశాడు.

గ్రే మీద కోపం కూడా ఎంతోసేపు నిలవదు. 34 ఏళ్ళకే పోయాడు, 1861లో. తోబుట్టువు కొడుక్కి అమ్మవారు పోస్తే దగ్గరుండి చూసి, అదే అంటుకుని. ఆ మాట గుర్తు రాగానే నాకు మన ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు మెదిలాడు. ఆయన్నీ తీసుకుపోయింది మశూచే, 1925లో, ఇంకా 28 నిండకుండా. స్కూలు నుంచి గ్యాలరీకి తీసుకెళ్ళినప్పుడు నువ్వు ఒక బొమ్మ ముందు నిలబడిపోయి కదలనంటే, మాస్టారు చెవి పట్టుకు లాక్కొచ్చారు, గుర్తుందా? మనిషి నిండా మూడు పదులు చూడలేదు, ఆ బొమ్మలు చూడు. మీ నాయనమ్మ బుగ్గల మీద మచ్చలు ఉండేవి కదా. ఆవిడ బతికి బయటపడింది. ఇంకొన్నాళ్ళు ఉంటే రామారావు ఏమేం వేసేవాడో...

సరే, ఏడుపు వద్దు. అజంతా సంగతి చెప్తాను.

గుట్ట అడుగున అడ్డంగా పడుకోబెట్టి ఉంది, చాప అంత పుస్తకం. యజ్దానీగారి అజంతా. నైజాం ప్రభుత్వంలో పురావస్తు శాఖ పెద్ద ఆయన. గుహలు అప్పుడు నైజాం రాజ్యంలో ఉండేవి కదా, రంగుల్లో ఫోటోలు తీయించి 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా వేయించారు. డాక్టరుగారి దగ్గరున్నది అసలు ముద్రణ కాదు, తర్వాత మళ్ళీ వేసింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నట్టు రాసుకున్నారు. నా నెగిటివ్‌ల భూతద్దం పెట్టి చూస్తే పద్మపాణి బోధిసత్వుడి కనురెప్ప మీద చుక్కలే చుక్కలు, నీలం, ఎరుపు, పసుపు, నలుపు. కళ్ళు పైకెత్తగానే చుక్కలన్నీ కలిసిపోయి, ఆ కిందికి వాలిన చూపు వచ్చేస్తుంది. పదిసార్లు చేసి చూశాను. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, "ఏంటండీ ఆ ఆట?" అంది. తనకీ చూపించాను. కాఫీ చల్లారిపోయింది.

కొనేవాళ్ళ లెక్కలు వేరు, నాకూ తెలుసు. ఫోటో పుస్తకమైతే మొదటి ముద్రణేనా, పై కాగితపు అట్ట చిరక్కుండా ఉందా, బొమ్మలన్నీ ఉన్నాయా అని చూస్తారు. పై అట్ట లేకపోతే ధర సగానికి సగం పడిపోతుంది. మంచి బొమ్మలున్న పుస్తకాన్ని కత్తిరించి, ఒక్కో పేజీ ఫ్రేము కట్టి అమ్మేవాళ్ళూ ఉన్నారు. అది నాకు గొంతు కోసినట్టే ఉంటుంది. కానీ ఈ పుస్తకం విలువ నేను ఆ లెక్కన చూడలేను. ఎందుకంటే అజంతా బొమ్మల నకళ్ళకి ఏమైందో తెలుసా? రాబర్ట్ గిల్ అనే సైనికాధికారి ఏళ్ళ తరబడి ఆ అడవిలో కూర్చుని నకళ్ళు వేస్తే, లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1866లో అంటుకున్న మంటల్లో దాదాపు అన్నీ బూడిదయ్యాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్ నుంచి గ్రిఫిత్స్, ఆయన శిష్యులు పదేళ్ళకు పైగా మళ్ళీ వేశారు. మన రామారావు తర్వాత చదివిన స్కూలే అది. వాటిలో కూడా చాలా 1885లో లండన్‌లోనే తగలబడిపోయాయి. రెండుసార్లురా! గుహల్లోనేమో బొమ్మలు కాపాడదామని పూసిన వార్నిష్ పసుపుపచ్చగా మారి రంగుల్ని మింగింది. తెచ్చిన నకళ్ళు ఎన్నో కాలిపోయాయి, గోడ మీదివి మసకేశాయి. గట్టిగా నిలిచినవి ఏవయ్యా అంటే అచ్చేసిన పుస్తకాలు. పది ఊళ్ళలో పది అలమరాల్లో ఉంటే, అన్నీ ఒకేసారి కాలిపోవు కదా.

కిందటి ఉత్తరంలో నువ్వు రాశావు, "ఇప్పుడు ఫోన్‌లో అన్నీ దొరుకుతాయి, ఆ బరువంతా ఎందుకు మోస్తావు" అని. దానికి జవాబు రాయలేకే ఇన్నాళ్ళు ఆగానేమో కూడా. దొరుకుతాయి, కాదనను. పద్మపాణి అని కొట్టు, వంద వస్తాయి. ఒకదాంట్లో నీలంగా, ఒకదాంట్లో నారింజగా, ఒక్కో ఫోన్‌లో ఒక్కో రంగు. ఏది గోడ మీది రంగు? దాన్ని గోడ పక్కన పెట్టి సరిచూసిన మనిషి ఒకరుండాలి, తన పేరు పెట్టి "ఇదీ" అని పూచీపడాలి. రిఫరెన్స్ పుస్తకమంటే అదీ.

డాక్టరుగారి ఫోటోగ్రఫీ పుస్తకాలు కూడా తెచ్చుకున్నాను. అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ రాసిన నెగిటివ్ పుస్తకం, 1981లో కొత్తగా వేసింది. పేజీల అంచుల్లో హైపో, అదే ఫోటోలు కడిగే మందు, మరకలు, చీకటి గదిలో పక్కనే తెరిచిపెట్టుకున్నట్టున్నారు. సున్నా నుంచి పది దాకా, కటిక నలుపు నుంచి తెల్ల కాగితం దాకా పదకొండు మెట్లు. ఏ నీడ ఏ మెట్టు మీద ఉండాలో ముందే మనసులో చూసుకుని మీట నొక్కమంటాడు. ఇరవై ఏళ్ళుగా నేను చేతి అలవాటు మీద చేస్తున్న పని అది. శనివారం పెళ్ళికూతురి ఎర్రచీర మడతల్లో మొదటిసారి లెక్కపెట్టి చూశాను. చెప్తాను, ఇంకోసారి. ఇప్పుడు టైము లేదు.

రెండైంది. నీ చెయ్యి దగ్గరికి వస్తున్నాను.

గ్రే పుస్తకంలో చేతి బొమ్మ దగ్గర పేజీ నలిగి, మెత్తగా బట్టలా అయిపోయింది. మిగతా పుస్తకం అంత నలగలేదు. అరచేతి రక్తనాళాల బొమ్మ, చిటికెన వేలి వైపు, మణికట్టుకి కాస్త పైన, పెన్సిల్‌తో ఏటవాలు గీత. గీత పక్కన గుండ్రటి అక్షరాలు:

"ఏప్రిల్ 87. సైకిల్ షాపు వాళ్ళబ్బాయి, 9. సోడా సీసా. నరం క్షేమం."

బుల్లోడా, నాకు ఒళ్ళు జలదరించింది. ఆ రాత్రి మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. నువ్వు గోలీ సోడా సీసాతో సహా కాలవ మెట్ల మీద పడటం, మీ నాన్నగారు సైకిల్ ట్యూబు ముక్కతో చెయ్యి బిగించి కట్టి పరిగెత్తడం, సరిగ్గా అప్పుడే కరెంటు పోవడం. నేను కిటికీ ఊచలు పట్టుకు వేలాడుతున్నాను. కాంపౌండరు పెట్రోమాక్స్ లైటు ఎత్తి పట్టుకుంటే, డాక్టరుగారు లోపలికెళ్ళి ఈ పుస్తకమే తెచ్చి, నీ పక్కన బల్ల మీద తెరిచారు. నేను అత్తయ్యతో గట్టిగా, "అయ్యో, డాక్టరుగారికి రాదు, పుస్తకం చూసి కుడుతున్నారు!" అన్నాను. అత్తయ్య నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. ఆ అనుమానం నాకు చాలా ఏళ్ళు పోలేదు. ఆయన ఎదురుపడితే ఇంకో వైపు నుంచి వెళ్ళేవాణ్ణి.

ఇప్పుడు ఆ పేజీ చదివాను. నీ ఎడమ చెయ్యి చాపు. బొటనవేలు బాగా పక్కకి చాపి, దాని వేళ్ళ వైపు అంచు నుంచి అరచేతికి అడ్డంగా ఓ గీత ఊహించుకో. దాదాపు అక్కడే లోపల రక్తనాళం విల్లులా వంగి ఉంటుంది. అది ఎక్కువగా నీ చిటికెన వేలి వైపు నుంచి వచ్చే నాళమే. మణికట్టు దగ్గర దాన్ని ఆనుకుని, వేళ్ళని విప్పి మూసే చిన్న కండరాల నరం. నీ మచ్చ మొదలయ్యేది ఎక్కడో చూసుకో. ఆ నరం తెగితే చిటికెన వేలు, దాని పక్క వేలు పక్షి గోళ్ళలా వంకర తిరిగిపోతాయి. నువ్వు మృదంగం ముట్టుకునేవాడివి కాదు.  ఆయనకి వచ్చురా. వచ్చు కాబట్టే, తొమ్మిదేళ్ళ కుర్రాడి చెయ్యి కాబట్టే, ఆ అరక్షణం తన జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా పుస్తకం తెరిచారు. కుట్టాక, ఆ రాత్రి అంతా అయ్యాక, పెన్సిల్ తీసుకుని "నరం క్షేమం" అని రాసుకున్నారు. ఎవరి కోసం రాసినట్టు? నేను ఆయనకి ఒక్కసారైనా నమస్కారం...

పుస్తకం నీకు పంపను, ముందే చెప్తున్నాను. అది ఈ ఊళ్ళోనే ఉండాలి. వేపాకు వేసి, కలరా ఉండలు మూట కట్టి, స్టూడియోలో పై అరలో పెట్టాను. నీ మేడ మీద గది ఖాళీగా ఉంది కదా, అలమరాలు కొట్టించి ఇవన్నీ అక్కడ పెడితే, సందులో చదువుకునే పిల్లలు వచ్చి చూసుకుంటారు. ఊఁ అను చాలు, వడ్రంగిని రేపే పిలుస్తాను. అద్దె పోతుందని అంటే మాత్రం మన చిన్ననాటి రెండో బల్ల తీర్మానం బయటికి తీస్తాను.

నీ పేజీ మాత్రం ఫోటో తీశాను. పక్క కిటికీ వెలుతురులో, పెన్సిల్ గీత పడిన గాడి కూడా కనపడేలా. ప్రింటు ఈ కవర్లోనే ఉంది, మడవద్దు. అత్తయ్యకి చూపించు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. నీ ఎడమ చెయ్యి ఆ ప్రింటు పక్కన పెట్టి ఓ ఫోటో తీసి పంపు. ఫ్లాష్ వద్దు. వెలుతురు పక్క నుంచి పడాలి, మచ్చ తేలాలి. ఇంకోటి, చలికాలంలో నీ చిటికెన వేలు ఇప్పటికీ తిమ్మిరెక్కుతుందా? అక్కడ మంచు కదా, ఉన్నిది వేసుకుంటున్నావా లేక

కారు వచ్చేసింది. వీడు చెప్పులేసుకుంటున్నాడు. ఉంటాను.

నీ
కిటికీగాడు