నిద్ర మానిన చదువు నిలుస్తుందా?

సంపాదకులకు నమస్కారం.

గ్రూప్స్, డీఎస్సీ పరీక్షల కోసం జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్, చిక్కడపల్లి హాస్టళ్లలో ఉంటున్న అభ్యర్థులు ఎంత కష్టపడుతున్నారో ఈ ప్రాంతవాసిగా రోజూ చూస్తున్నాను. వారి పట్టుదలను శంకించడం లేదు. ఆ పట్టుదలను మోయవలసిన శరీరాన్నే వారు పట్టించుకోవడం లేదన్నది నా ఆవేదన.

ఉదయం టిఫిన్ మానేసి, సాయంత్రం మిర్చిబజ్జీలతో కడుపు నింపుకొని, రాత్రి పదకొండు గంటలకు టీ తాగి మళ్లీ పుస్తకం పట్టేవారు ఎందరో ఉన్నారు. టీలోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, ఆ తరువాత పడుకున్నా సరైన నిద్ర పట్టదు. పగలు చదివింది జ్ఞాపకంగా స్థిరపడడానికి నిద్ర తప్పనిసరి. అయినా ఇంటి నుంచి డబ్బు పంపే తల్లిదండ్రులు గుర్తొచ్చి, నిద్రపోవడమే తప్పన్నట్టు ఈ పిల్లలు బాధపడుతున్నారు.

కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష ఉంటుంది కాబట్టి ఆ అభ్యర్థులు తెల్లవారకముందే మైదానానికి చేరతారు. గ్రూప్స్‌కు ఆ పరీక్ష లేనందున వ్యాయామం అనవసరమనుకోవడం పొరపాటు. పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు వేగంగా నడిస్తే సరిపోతుంది, పైగా ఇందిరా పార్కు దగ్గరలోనే ఉంది.

మనసును అదుపులో పెట్టుకోవడం ఇంతకంటే కష్టం. రీడింగ్ హాలులో పాలిటీ పుస్తకం తెరిచి ఉంటుంది, పక్కనే ఫోను వెలుగుతుంది. కరెంట్ అఫైర్స్ చూద్దామని అందుకున్న చెయ్యి వీడియోల మీదికి జారుతుంది. తిరిగి వచ్చాక రాజ్యాంగంలోని 32వ అధికరణాన్ని మొదటి వాక్యం నుంచి మళ్లీ చదవవలసి వస్తుంది. ఫోను గదిలోనే వదిలి రావడం, రోజూ ఒకే వేళకు లేవడం, అనుకున్న గంటసేపు కుర్చీ కదలకపోవడం వంటి అలవాట్లతోనే నిగ్రహం కుదురుతుంది, ఉపన్యాసాలతో కాదు.

కోచింగ్ కేంద్రాలు తెల్లవారుజాము, రాత్రి తరగతులను తగ్గించి టైంటేబుల్‌లో నడకకూ వేళ కేటాయించాలని, గ్రంథాలయాల్లో ఫోన్లు భద్రపరిచే అరలు ఏర్పాటు చేయాలని, హాస్టళ్ల యజమానులు వేళకు టిఫిన్ అందేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
చిక్కడపల్లి, హైదరాబాద్.