బాబ్ మార్లేకి ముందు రెండేళ్ళున్నాయి

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో జమైకా దీవిలో పుట్టిన రెగే పాటలు కొత్తగా వినేవాళ్ళ కోసం అర పేజీ వేశారు. నేను అల్లిపురంలో నలభై ఏళ్ళ పైబడి మైకుసెట్టు నడుపుతున్నాను. జమైకా పాటకి తెలుగు పేపర్లో అంత చోటు ఇవ్వడం ఇదే మొదటిసారి చూశాను. ఆ పేజీ కత్తిరించి షాపు గోడకి అంటించాను. అయితే అందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. వ్యాసం రెగేకి ముందు అక్కడ నడిచిన స్కా అనే పాటతో ఎత్తుకుని, ఒక్క గెంతులో 1970ల నాటి రెగే గాయకుడు బాబ్ మార్లే దగ్గర దిగింది. మధ్యలో, 1966 నుంచి 1968 దాకా, రమారమి రెండేళ్ళపాటు అక్కడ రాక్‌స్టెడీ అనే పాట నడిచింది. మీరు వినమన్న పది పాటల్లో ఆ రెండేళ్ళవి ఒక్కటీ లేవు. కొత్తవాళ్ళ చెవిన ముందు పడాల్సినవి అవే. మార్లేని తర్వాత వినొచ్చు, ఎక్కడికీ పోడు.

ఈ పాట నాకు ఎలా తగిలిందో చెప్పాలి. మా బాబాయి దగ్గర పనిలో చేరిన కొత్తలో పెళ్ళి రిసెప్షన్‌కి వెళ్తే బోనీ ఎం క్యాసెట్ లేకుండా వెళ్ళేవాళ్ళం కాదు. 'రివర్స్ ఆఫ్ బాబిలాన్' వేయకపోతే కుర్రాళ్ళు ఊరుకునేవారు కాదు. అది వాళ్ళ సొంత పాటే అనుకున్నాం. 1988లో ఓడ మీద పనిచేసే ఒకాయన ఆంప్లిఫయర్ బాగుచేయించుకోడానికి మా షాపుకొచ్చాడు. ఒడిశా దమన్‌జోడిలో చేసే అల్యూమినా, అంటే అల్యూమినియం చేసే పొడి, మన విశాఖ రేవు నుంచి ఎగుమతి కావడం అప్పుడప్పుడే మొదలైంది. జమైకాలో కూడా ఎర్రమట్టి తవ్వి అల్యూమినా చేసి ఓడలకెత్తుతారని ఆయనే చెప్పాడు. అక్కడ కొన్న క్యాసెట్ ఒకటి నా చేతిలో పెట్టి, "బోనీ ఎం పాడింది వీళ్ళ పాటే, విను" అన్నాడు. నిజమే. బోనీ ఎం 1978లో పాడితే, మెలోడియన్స్ అనే జమైకా బృందం దాన్ని 1970లోనే పాడింది. మాటలు ఎక్కువగా బైబిల్లోని 137వ కీర్తనవి. ఆ పాట అప్పటికే రెగే. దాని ముందూ వెనకా ఉన్న పాటలే నన్ను పట్టేశాయి. క్యాసెట్ మీద పేర్లు లేవు. ఎవరు పాడారో, ఎవరు వాయించారో తెలియకుండా ఇరవై ఆరేళ్ళు విన్నాను. హుద్‌హుద్ తుపాను రోజున షాపు పైరేకులు లేచిపోయి అది నీళ్ళలో నానింది, మళ్ళీ పాడలేదు. ఆ తర్వాత మా అమ్మాయి నా చేత ఒక్కో వరస కూనిరాగం తీయించి, ఫోనులో వెతికి పేర్లన్నీ రాసిపెట్టింది. ఇక్కడ రాసేవన్నీ ఆ కాగితంలోవే.

ముందు నడక సంగతి. స్కా మన తప్పెటగుళ్ళ లాంటిది. గుండె మీద తప్పెట, ఎగిరే కాళ్ళు, ఊపిరి తీసుకునే సందుండదు. బూరలు ముందుంటాయి. రాక్‌స్టెడీలో ఆ వేగం సగానికి దగ్గరగా దిగింది. నాలుగు లెక్కపెట్టండి. ఒకటి దగ్గర డ్రమ్ము పలకదు. రెండు దగ్గర గిటారు తీగని చిన్నగా గిల్లి వదిలేస్తారు. మూడు మీద డ్రమ్ము బరువుగా పడుతుంది. నాలుగు దగ్గర మళ్ళీ గిటారు. భజనలో చిడతలు దెబ్బకీ దెబ్బకీ మధ్య సందులో పడినట్టుంటుంది. బూరలు వెనక్కి తగ్గాయి. ఆ ఖాళీలోకి అడుగు స్థాయిలో పలికే బేసు గిటారు వచ్చింది. అంతకుముందు అది వరసగా నడుచుకుంటూ పోయేది. ఇప్పుడు రెండు మాటలు చెప్పి ఆగి, మళ్ళీ మూడు మాటలు చెబుతుంది. నన్నడిగితే ఈ పాటల్లో అసలు గొంతు బేసుదే.

ఎందుకు నెమ్మదించిందంటే, 1966 వేసవి ఎండకి అక్కడి జనం స్కాకి గెంతలేకపోయారని ఒక కథ చెబుతారు. మే నెలలో మన ఉక్కపోత ఎరిగినవాళ్ళకి అది నమ్మబుద్ధేస్తుంది. నేను మాత్రం ఎండ కంటే ఒక మనిషిని ఎక్కువ నమ్ముతాను. లిన్ టైట్ అని ట్రినిడాడ్ గిటారిస్టు. మొదట స్టీల్ డ్రమ్ములు వాయించేవాడు. 1962లో జమైకాకి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఆ వేడుకల కోసం వచ్చి అక్కడే ఉండిపోయాడు. 1966లో హోప్‌టన్ లూయిస్ పాడిన 'టేక్ ఇట్ ఈజీ'లో గిటారు ఇతనిదే. రాక్‌స్టెడీలో మొదటి పాట అదేనని చాలామంది అంటారు. బేసు ఏం వాయిస్తే గిటారు మీద అదే వరస పైస్థాయిలో పలికించి, రెండూ ఒకటే అనిపించేలా చేశాడు. 1968లో కెనడా వెళ్ళిపోయాడు, 2010లో మాంట్రియల్లో పోయాడు. మీ వ్యాసంలో పాడినవాళ్ళ పేర్లున్నాయి, ఇతని పేరు లేదు.

కాబట్టి కొత్తవాళ్ళు 'టేక్ ఇట్ ఈజీ'తో మొదలుపెట్టాలి. ఆ వెంటనే ఆల్టన్ ఎల్లిస్. 1967లో ఆయన పాడిన ఒక పాట పేరే 'రాక్ స్టెడీ'. కాని ముందు వినాల్సింది అదే ఏడాది స్టూడియో వన్‌లో పాడిన 'ఐయామ్ స్టిల్ ఇన్ లవ్ విత్ యూ'. ఈ కాలం పిల్లలకి ఈ పాట షాన్ పాల్ గొంతులో తెలుసు. 1977లో ఆల్థియా, డోనా అనే ఇద్దరు అమ్మాయిలు ఈ వాయిద్యం మీదే 'అప్‌టౌన్ టాప్ ర్యాంకింగ్' పాడారు, అది ఇంగ్లండులో మొదటి స్థానానికెక్కింది. ఒక్క బేసు వరస అన్నేళ్ళు తిండి పెట్టింది.

తర్వాత పారగన్స్ అనే బృందం. జాన్ హోల్ట్ రాసిన 'ద టైడ్ ఈజ్ హై', 1967. 1980లో అమెరికా బృందం బ్లాండీ పాడితే అక్కడా ఇంగ్లండులోనూ మొదటి స్థానం వచ్చింది. అసలు పాటలో వయొలిన్ ఒకటుంది, దాని కోసమైనా వినాలి. శ్రుతి కాస్త అటూ ఇటూ జారుతూ, రేవులో కట్టిన పడవలా ఊగుతుంది. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్ళు ఒక్కసారి చెవిలో పెట్టుకుని చూడండి.

ఫిలిస్ డిల్లన్ దగ్గర కాసేపు ఆగాలి. ఈమె లిన్‌స్టెడ్ అనే చిన్న ఊరి పిల్ల. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక క్లబ్బులో పాడుతుంటే లిన్ టైట్ విని, పాటలు రికార్డు చేయించే డ్యూక్ రీడ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. మొదటి పాట 'డోంట్ స్టే అవే'. అలిగి అరవడం లేదు, ఏడవడం లేదు. దూరంగా ఉండిపోవద్దని నిలకడగా అడుగుతుంది. పక్కనే బేసు ఆమె మాటకి ఊ కొడుతున్నట్టుంటుంది. 1967 చివర్లో న్యూయార్క్ వెళ్ళిపోయి బ్యాంకులో ఉద్యోగం చేసింది. మధ్యమధ్య వచ్చి పాడి వెళ్ళేది. 2004లో పోయింది. మా ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా రాత్రి షాపు కట్టే వేళకి ఫోను చేసి, "ఆ అమ్మాయి పాట వేసి మూసెయ్యండి" అంటుంది.

టెక్నిక్స్ బృందం పాడిన 'క్వీన్ మెజెస్టీ' కూడా వినండి. అది అమెరికాలో కర్టిస్ మేఫీల్డ్ రాసిన పాట. ముగ్గురు గొంతులు కలిపి పాడే పద్ధతిని జమైకా వాళ్ళు ఆయన బృందం ఇంప్రెషన్స్ దగ్గర నేర్చుకున్నారు. అన్నీ ప్రేమ పాటలే అనుకోకండి. స్వాతంత్ర్యం వచ్చినా పనులు దొరక్క కత్తులు పట్టిన కుర్రాళ్ళ మీదా పాటలొచ్చాయి. డెస్మండ్ డెక్కర్ '007' వాళ్ళ గురించే. ప్రిన్స్ బస్టర్ 'జడ్జ్ డ్రెడ్'లో జడ్జీ వేషం కట్టి వాళ్ళకి నాలుగు వందల ఏళ్ళ శిక్ష వేస్తాడు. కీత్, టెక్స్ పాడిన 'స్టాప్ దట్ ట్రైన్' కూడా ఉండాలి.

ఇప్పుడు నా వృత్తి సంగతి. జమైకాలో ఈ పాటల్ని పుట్టించినవాళ్ళు మైకుసెట్టువాళ్ళే, అది మీ పాఠకులకి తెలియాలి. వాళ్ళు సౌండ్ సిస్టమ్ అంటారు. లారీలో పెట్టెలు, ఆంప్లిఫయర్, రికార్డులు వేసుకెళ్ళి పేటల్లో డాన్సులు పెట్టేవారు. డ్యూక్ రీడ్ పోలీసు ఉద్యోగం మాని, భార్యతో కలిసి మద్యం షాపు పెట్టాడు. ఆయన లారీ పేరు మీదే ఆయన సెట్టుకి ట్రోజన్ అని పేరొచ్చింది. కింగ్‌స్టన్ బాండ్ స్ట్రీట్ 33 నంబరులో కింద షాపు, పైన చెక్కగదిలో ట్రెజర్ ఐల్ స్టూడియో. నేను చెప్పిన వాటిలో చాలా పాటలు ఆ గదిలోంచే వచ్చాయి. ఆయనకి పోటీ కాక్సన్ డాడ్. ఈయన సెట్టు పేరు డౌన్‌బీట్, స్టూడియో బ్రెంట్‌ఫోర్డ్ రోడ్డు 13లో స్టూడియో వన్. 2004లో ఆ వీధికే స్టూడియో వన్ పేరు పెట్టారు. వినాయక చవితికి పక్కపక్క పందిళ్ళ సెట్టులు ఒకదాన్నొకటి మింగాలని చూడడం మనకి తెలుసు. అక్కడ ఆ పోటీలో గెలవడానికి, ఎదుటివాడి దగ్గర లేని పాట కావాలని సొంతంగా రికార్డు చేయించుకున్నారు.

ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ ఒకటుంది. స్పానిష్ టౌన్‌లో సెట్టు నడిపే రడ్డీ రెడ్‌వుడ్‌కి పారగన్స్ 'ఆన్ ద బీచ్' పాటకి రికార్డు ప్లేటు ఒకటి చెక్కి ఇస్తూ, ట్రెజర్ ఐల్ ఇంజనీరు గొంతు కలపడం మరిచిపోయాడు. వాయిద్యం ఒక్కటే పడింది. రెడ్‌వుడ్ దాన్ని పారేయలేదు. రాత్రి డాన్సులో ముందు గొంతున్న పాట వేశాడు, ఆ వెంటనే ఈ ఉత్త ప్లేటు వేశాడు. అక్కడున్న జనమంతా ఆ పాట తామే ఎత్తుకుని పాడారట. అప్పట్నుంచి రికార్డు రెండోవైపు గొంతు లేని వాయిద్యం వేయడం మొదలైంది, దానికి వర్షన్ అని పేరు. 1970లో యూ రాయ్ అలాంటి పాత ట్రెజర్ ఐల్ పాటల మీద మైకు పట్టుకుని మాటలు చెప్పి, అక్కడి పాటల పట్టికలో మొదటి మూడు స్థానాలూ ఒకేసారి పట్టాడు.

ఈ కథ నన్ను ఎందుకు పట్టుకుందంటే, 1991లో పెందుర్తిలో ఒక పెళ్ళిలో నాకూ అదే జరిగింది. జాక్ పిన్నులో ఎర్త్ వైరు తెగింది. అలా తెగితే స్టీరియో పాటలో మధ్యనుండే గొంతు మాయమై, పక్కలనున్న వాయిద్యం మిగులుతుంది. పందిట్లో ఆడపిల్లలు ఒక్క క్షణం ఆగి, ఆ పాట వాళ్ళే అందుకున్నారు. పెద్దలు కూడా కలిశారు. నేను వంగి వైరు అతికే తొందరలో ఉండి, గొంతు తిరిగి తెచ్చేశాను. వాళ్ళు పాడడం మానేశారు. ఇప్పుడైతే ఆ పాట అయ్యేదాకా సోల్డరింగ్ ఐరన్ ముట్టుకునేవాణ్ణి కాను.

చివరగా, ఎలా వినాలో మీ వ్యాసంలో లేదు. ఫోను స్పీకరులో వినొద్దని దయచేసి రాయండి. అందులో బేసు రాదు. బేసు పోతే రాక్‌స్టెడీలో సగం పోయినట్టే, వినేవాళ్ళు 'ఇంతేనా' అని మానేస్తారు. గుడి మీద గొట్టం మైకు కూడా గొంతుకి తప్ప దీనికి పనికిరాదు. పాతదైనా పన్నెండంగుళాల స్పీకరున్న పెట్టె ఒకటి చాలు. గది మూలన పెడితే గోడలు బేసుని పెంచుతాయి. ట్రెబుల్ సగానికి తగ్గించండి. చప్పుడు ఎక్కువ అక్కర్లేదు, తలుపు గడియ సన్నగా అదిరితే చాలు. బీచ్ దగ్గర ఇళ్ళవాళ్ళు ఏడాదికోసారి పెట్టె వెనక వైర్లు విప్పి తుడుచుకోవాలి. మన ఉప్పుగాలికి రాగి పచ్చబారి చప్పుడు పలచబడుతుంది. స్పీకరు పోయిందనుకుని కొత్తది కొనేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

మీరు మళ్ళీ ఎప్పుడైనా ఈ పాటల మీద రాస్తే పాడినవాళ్ళతో పాటు వాయించినవాళ్ళనీ వేయండి. గిటారు లిన్ టైట్. ట్రెజర్ ఐల్‌లో బేసు జాకీ జాక్సన్, శాక్సఫోన్ పట్టి బృందాన్ని నడిపినవాడు టామీ మెకుక్. స్టూడియో వన్‌లో కీబోర్డు జాకీ మిటూ. పేర్లు లేని క్యాసెట్‌తో ఇరవై ఆరేళ్ళు గడిపినవాడిగా అడుగుతున్నాను. గోడ మీద మీ పేజీ పక్కన ఇంకో పేజీకి చోటుంచాను.

ఇట్లు,
ఒక మైకుసెట్టు మేస్త్రీ,
అల్లిపురం, విశాఖపట్నం.