కుక్క ఏం చేస్తుందో అడగండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం సాయంత్రం హనుమకొండలో నక్కలగుట్ట దగ్గరి ఒక కాఫీ షాపు గుమ్మంలో నాకు ఎదురైన ప్రశ్నలను మీ పత్రిక ద్వారా మన నగర వ్యాపారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను జూనియర్ కళాశాల అధ్యాపకుడిగా పనిచేసి రిటైరయ్యాను. రేచీకటితో మొదలైన రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల నా చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ వచ్చి, ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఒక చిన్న వలయం మాత్రమే మిగిలింది. ఆ వలయంలో పడ్డ అక్షరాలను చదవగలను గానీ, కాలి ముందరి మెట్టు, పక్క నుంచి దూసుకొచ్చే ఆటో కనిపించవు. అందుకే శిక్షణ పొందిన లాబ్రడార్‌ను వెంట తీసుకుని తిరుగుతాను.

లోపల అడుగు పెట్టగానే కౌంటర్ దగ్గరి యువకుడు కుక్కను బయట కట్టేసి రమ్మన్నాడు. ఇది దారి చూపే కుక్క అని చెప్పి, దాని వీపు మీది హార్నెస్ పిడిని చూపించాను. "మీకు కండ్లు కనబడుతున్నయి గద సార్, ఇప్పుడే బోర్డు మీద రేటు చదివిన్రు" అన్నాడు. నిజమే, కాఫీ ధర చదివి "ఇంతనా!" అని పైకే అన్నాను, ఆ మాటే నాకు ఎదురు సాక్ష్యమైంది. తర్వాత కుక్కకు సర్టిఫికెట్ ఉందా అని అడిగాడు. నా వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం పత్రం తీసి చూపిస్తే, అది మీది గానీ కుక్కది కాదు గదా అన్నాడు. తర్కానికి వంక పెట్టలేను, కాఫీ మాత్రం దొరకలేదు.

అతని మీద నాకు కోపం లేదు, ఎందుకంటే ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అనుబంధం ప్రకారం, దృష్టి క్షేత్రం, అంటే కన్ను కదపకుండా చూడగలిగే మేర, 10 డిగ్రీల కన్నా తక్కువైతే అది అంధత్వమే. అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా అన్నదానితో నిమిత్తం లేదు. ఆ చట్టంలో దారి చూపే కుక్క ప్రస్తావన విడిగా లేని మాట నిజమే గానీ, వికలాంగులకు అవసరమైన సముచిత సర్దుబాటును, అంటే అందరిలా మసలడానికి వారికి కావలసిన తగు మార్పును, నిరాకరించడం కూడా వివక్షేనని అది స్పష్టంగా చెబుతోంది. శిక్షణ పొందిన ఇలాంటి కుక్కను యజమానితో పాటు విమానం క్యాబిన్‌లోకి అనుమతించే నిబంధనలు మన దేశంలోనే ఉన్నాయి. విమానంలో నా కాళ్ల దగ్గర పడుకోదగిన కుక్క, కాఫీ షాపు బల్ల కింద పడుకుంటే వచ్చే ఇబ్బంది ఏమిటో నాకు అర్థం కావడం లేదు.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద ఉన్న నిబంధనలు ఈ చిక్కును తేలిగ్గా విప్పాయి. కుక్క అవసరం చూడగానే తెలియనప్పుడు దుకాణం సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమైందా, ఏ పనిలో దానికి శిక్షణ ఇచ్చారు. కాగితాలు అడగకూడదు, వైకల్యం వివరాలు ఆరా తీయకూడదు. కుక్క అదుపు తప్పినా, లోపల మలమూత్రాలు విసర్జించేదైనా బయటికి పంపమనే హక్కు దుకాణదారుకు ఉంది. నాకు ఈ పద్ధతి నచ్చింది, ఎందుకంటే మెడలో వేలాడే కార్డును ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు గానీ కుక్క నడవడికను అచ్చు వేయించలేరు.

ఆ సాయంత్రం తిరిగి వస్తుంటే సందు మలుపులో నా కుక్క ఉన్నట్టుండి ఆగిపోయింది. పదమని రెండుసార్లు చెప్పినా కదలలేదు. కర్రతో తడిమి చూస్తే మోరీ మీది బండ తీసి పక్కన పెట్టి ఉంది. చెప్పిన మాట వినకూడని సమయం ఏదో గుర్తించడం కూడా దాని శిక్షణలో భాగమే.

నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు ఇచ్చేటప్పుడు హోటళ్లకు, కాఫీ షాపులకు ఈ విషయమై ఒక పేజీ సూచనలను తెలుగులో అందించాలని కోరుతున్నాను. అందులో మొదటి వాక్యంగా పై రెండు ప్రశ్నలు ఉంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ