ఈ-రీడర్ కొనేముందు ఒకసారి జిరాక్స్ షాపుకు వెళ్లండి

సంపాదకులకు,

ఈ-రీడర్ల (పుస్తకాలు చదవడానికే చేసిన కిండిల్, కోబో, బూక్స్ లాంటి పరికరాల) గురించి పత్రికల్లో వచ్చే పోలికల పట్టికల్లో మెమరీ ఎంత, బ్యాటరీ ఎన్ని వారాలు వస్తుంది, నీళ్లలో పడితే తట్టుకుంటుందా అన్నవే ఉంటాయి. నవలలు చదువుకునేవారికి అవి చాలు. పీహెచ్‌డీ, ఎంటెక్ విద్యార్థులకూ అధ్యాపకులకూ కావలసిన అంకె మాత్రం వాటిలో కనపడదు. తెర వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు?

2025 జనవరి 1 నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే కేంద్ర పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు దాదాపు 13 వేల జర్నళ్లు అందుతున్నాయి. వాటి నుంచి మనం దించుకునేవి ఎక్కువగా పీడీఎఫ్‌లే. ఈపబ్ అనే ఈ-పుస్తకాల ఫైల్లో అక్షరం పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకుంటాయి. పీడీఎఫ్‌లో సర్దుకోవు, అచ్చుపేజీ ఎలా ఉంటే అలాగే బిగుసుకుని ఉంటుంది. అందుకే తెర వెడల్పు లెక్క.

ఇంజనీరింగ్ జర్నళ్లలో మామూలుగా కనిపించే రెండు కాలమ్‌ల పేజీ తీసుకుందాం. తెల్లటి మార్జిన్లు కత్తిరించేస్తే మిగిలే అచ్చు వెడల్పు సుమారు 184 మిల్లీమీటర్లు, అక్షరం 10 పాయింట్లు. 6 అంగుళాల రీడర్ తెర వెడల్పు 91 మిల్లీమీటర్లే. అంటే పేజీ సగానికి కుంచించుకుపోయి అక్షరం 5 పాయింట్లకు దిగుతుంది. 7.8 అంగుళాల తెర (119 మి.మీ.) మీద ఆరున్నర పాయింట్లు, 10.3 అంగుళాల తెర (157 మి.మీ.) మీద ఎనిమిదిన్నర. 13.3 అంగుళాల తెర 200 మిల్లీమీటర్లు దాటుతుంది కాబట్టి అసలు సైజులోనే కనిపిస్తుంది. ఈ అంకెలు నమ్మకపోతే మీరు రోజూ చదివే రకం పరిశోధన పేపర్‌లో ఒక పేజీ, అదీ సమీకరణాలు ఎక్కువున్న పేజీ, జిరాక్స్ షాపుకు పట్టుకెళ్లి 50, 65, 85 శాతాలకు తగ్గించి మూడు కాపీలు తీయించండి. అవి వరుసగా 6, 7.8, 10.3 అంగుళాల తెరలకు సమానం. రాత్రి లైటు కింద పావుగంటసేపు చదవండి. సమీకరణాల్లో అక్షరాల పక్కన కిందగా ఉండే బుల్లి అంకెలు ఏ కాపీలో కనపడటం మానేశాయో దానికంటే పెద్ద తెర కొనుక్కోవాలి. పది రూపాయల్లో తేలిపోయే పరీక్ష ఇది.

థీసిస్‌ల సంగతి వేరు. మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఉండే సిద్ధాంత గ్రంథాలు చాలావరకు ఒకే కాలమ్, 12 పాయింట్లు, బైండింగ్ కోసం ఎడమవైపు పెద్ద మార్జిన్. అచ్చు వెడల్పు 150 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. మార్జిన్లు తీసేస్తే 7.8 అంగుళాల తెర మీద కూడా హాయిగా చదవొచ్చు. చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాల వాళ్లు 10.3 కోసం ఖర్చు పెట్టక్కర్లేదన్నది నా అభిప్రాయం.

చిన్న తెర ఇప్పటికే కొనేసినవారికీ ఒక దారి ఉంది. రెండు కాలమ్‌ల పేజీలో ఒక్కో కాలమ్ మూడున్నర అంగుళాలు, అంటే 89 మిల్లీమీటర్లు. 6 అంగుళాల తెర వెడల్పుకు అది అతికినట్టు సరిపోతుంది. కో-రీడర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గానీ, బూక్స్ రీడర్లలో ముందే ఉండే సదుపాయంతో గానీ కాలమ్ వెంట కాలమ్ చూపించేలా పెట్టుకుంటే పేజీకి నాలుగు తెరలు పడతాయి. పేజీ వెడల్పంతా పరుచుకునే పట్టిక వచ్చినప్పుడు మాత్రం చిక్కే. పీడీఎఫ్‌ను ఈపబ్ లాంటి సర్దుకునే రూపంలోకి మార్చుకుందాం అనుకుంటారు కొందరు. కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మార్చినా, కిండిల్‌కు పంపే మెయిల్ సబ్జెక్టులో ‘కన్వర్ట్’ అని రాసి పంపినా గద్యం బాగానే వస్తుంది. సమీకరణాలు ముక్కలవుతాయి, ఫుట్‌నోట్లు వాక్యాల మధ్యలోకి దూరతాయి.

మెమరీ 16 జీబీయా 32 జీబీయా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రెండు మూడు ఎంబీల పేపర్లు వేలకు వేలు పడతాయి. చూడాల్సింది ర్యామ్. ఇంటర్నెట్ ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో దొరికే పాత తెలుగు పుస్తకాల స్కాన్లు పేజీకో బొమ్మగా ఉంటాయి. 512 ఎంబీ ర్యామ్ ఉన్న రీడర్ మీద అలాంటి 200 ఎంబీల ఫైలు తెరిస్తే పేజీ తిప్పిన ప్రతిసారీ ఆ బొమ్మ విప్పుకునేదాకా ఎదురుచూడాలి. ఒక్కోసారి మొత్తం నిలిచిపోతుంది కూడా.

రంగు తెరలకు ఎగబడొద్దు. కెలిడో 3 అనే రంగు తెర రకంలో నలుపు తెలుపులు అంగుళానికి 300 చుక్కలైతే రంగు 150 చుక్కలే. పైన ఉండే రంగుల వడపోత పొర వల్ల తెర కాస్త మబ్బుగా, బూడిదరంగులో కనిపిస్తుంది. గ్రాఫుల్లో ఎరుపు గీతకూ ఆకుపచ్చ గీతకూ తేడా తెలియకపోతే పని జరగని సబ్జెక్టుల వారికే అది అవసరం.

రాసుకున్న గుర్తులు ఎక్కడికి పోతాయో కొనకముందే అడగండి. కొన్ని రీడర్లు అండర్‌లైన్లను పీడీఎఫ్‌లో కాకుండా పక్కన వేరే ఫైల్లో దాస్తాయి. ఆ పేపర్‌ను ల్యాప్‌టాప్‌లో పేపర్లు భద్రపరుచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకుంటే పేజీ శుభ్రంగా, ఏమీ చదవనట్టే ఉంటుంది. కో-రీడర్‌లో గుర్తులను పీడీఎఫ్‌లోనే రాయమనే సెట్టింగ్ ఉంది. మొదటిరోజే ఆన్ చేసుకోవాలి.

ఇక ఇంటర్నెట్. ఈ రీడర్లలో ఉండే ఇ-ఇంక్ తెరలో నల్లటి, తెల్లటి రేణువులు విద్యుత్తుకు పైకీ కిందికీ కదిలితేనే అక్షరం ఏర్పడుతుంది. కదలిక నెమ్మది కాబట్టి వేలితో స్క్రోల్ చేస్తే పాత అక్షరాల నీడలు మిగిలిపోతాయి. వికీపీడియా, లైబ్రరీ కేటలాగ్ వరకు పర్వాలేదు. ఓటీపీలు, క్యాప్చాలు ఉన్న జర్నల్ లాగిన్లు ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో కానిచ్చి ఫైలు రీడర్‌కు పంపుకోవడమే సుఖం. కిండిల్‌కు మెయిల్ ద్వారా 50 ఎంబీ, వెబ్‌సైట్ నుంచి 200 ఎంబీ దాకా పంపొచ్చు. కోబోలో వ్యాసాలు దాచుకోవడానికి ఉన్న పాకెట్ అనే సేవ 2025 జులైలో మూతపడింది, దాని స్థానంలో ఇన్‌స్టాపేపర్ వచ్చింది. అంతకుమించి బ్రౌజింగ్ కావాలంటే ఆండ్రాయిడ్ ఉన్న బూక్స్ లాంటిది తీసుకోవాలి. దాని బ్యాటరీ మాత్రం వారాలు కాదు, రోజులే. రోజులో సగం వెబ్‌సైట్లలోనే గడిపేవారు మామూలు ట్యాబ్ కొనుక్కోవడం మేలు.

తెలుగు కోసం కొనేవారు దుకాణంలోనే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ అన్న మూడు మాటలున్న ఫైలు తెరిచి చూడాలి. వత్తులు విడిపోయి పొల్లులుగా కనిపిస్తే ఫాంటు మార్చినంత మాత్రాన బాగుపడకపోవచ్చు. అక్షరాలు కలిపే సాఫ్ట్‌వేరే అందులో లేదన్నమాట. 2016 డిసెంబరులో కిండిల్‌కు భారతీయ భాషల పుస్తకాలు వచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళాలకు చోటు దక్కింది, తెలుగుకు దక్కలేదు. కో-రీడర్‌లో ఫాంట్స్ ఫోల్డర్‌లో మండలి అనే తెలుగు ఫాంటు వేసుకుంటే వత్తులు సరిగ్గా కూర్చుంటాయి. యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లతో తయారైన పాత పీడీఎఫ్‌లు చూడ్డానికి బాగానే ఉన్నా వాటిలో మాట వెతకడం కుదరదు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి.

ఆ మాటకొస్తే మన దినపత్రికల ఈ-పేపర్లూ ఈ రీడర్లకు కొరుకుడుపడవు. నిలువెత్తు పేజీని బొమ్మగా ఇస్తే 10.3 అంగుళాల తెర మీద హెడ్డింగులు తప్ప ఏమీ ఆనవు. కనీసం ఆదివారం అనుబంధాన్నయినా యూనికోడ్‌లో ఈపబ్‌గా ఇవ్వగలరేమో మీ సాంకేతిక విభాగం వారిని అడగమని మనవి.

- ఒక పాఠకుడు, హనుమకొండ