క్రీములోని నానో జింక్ చర్మం దాటుతుందో లేదో తేల్చండి: ఔషధ నియంత్రణ అధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారం. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు అడుగుతున్నాను.

మా అమ్మాయికి ఎగ్జిమా. గోకి గోకి మోచేతి మడతల్లో చర్మం పచ్చిపుండులా ఉంటుంది. ఎండకు రాసే క్రీము మీద జింక్ ఆక్సైడ్ అని ఉంది, అవి నానో రేణువులో (చర్మం దాటి ఒంట్లోకి పోతాయేమో అని భయపడేంత సూక్ష్మమైనవి) కాదో లేదు. రాయాలా మానాలా అన్నది రోజూ స్కూలు బస్సు వచ్చేలోపు నేనే తేల్చుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న చర్మంలో ఈ రేణువులు చాలావరకు పైపొరలోనే ఆగిపోతాయని పరీక్షలు చెబుతున్నాయి. సంతోషం. అయితే 2010లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రత్యేక ఐసోటోపుతో (అదే మూలకంలో బరువు తేడా ఉన్న రూపంతో) గుర్తు పెట్టిన జింక్‌ను మనుషులకు రాసి చూస్తే, అది కొద్దిగా రక్తంలో, మూత్రంలో కనిపించింది. రేణువుగా దాటిందా, కరిగి దాటిందా అన్నది అప్పుడు తేలలేదు. మా అమ్మాయిది ఆరోగ్యమైన చర్మం కూడా కాదు.

శస్త్రచికిత్సలో తీసేసిన మనిషి చర్మాన్ని ఫ్రాంజ్ సెల్ అనే చిన్న గాజు పరికరంలో బిగించి, సుమారు 32 డిగ్రీల వేడిలో ఉంచి, కింది ద్రవంలోకి ఏం దిగిందో కొలవవచ్చు. జంతువులతో పనే లేదు. ఐరోపాలో 2013 నుంచి, నానో రేణువులుంటే డబ్బా మీద ‘నానో’ అని ముద్రించడం తప్పనిసరి.

దెబ్బతిన్న చర్మంపై కూడా ఈ పరీక్ష చేయించి, ఫలితాలు ప్రకటించేలా, ‘నానో’ అని స్పష్టంగా ముద్రించేలా ఉత్పత్తిదారులను ఆదేశించండి. 30 రోజుల్లో రాతపూర్వక సమాధానం కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తల్లి