మూడో బిడ్డ సంగతి సరే, ఉన్న బిడ్డను ఎవరు చూస్తారు?

సంపాదకుల వారికి నమస్కారం.

మన ఆంధ్రప్రదేశ్‌లో కాన్పులు తగ్గిపోతున్నాయి, ఎక్కువమంది పిల్లల్ని కనండి అని పెద్దలు చెప్పే మాటలు పేపర్లో చదువుతూనే ఉన్నాను. మన దగ్గర ఒక్కో ఆడమనిషికి సగటున 1.7 మంది పిల్లలేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న నిబంధనను కూడా 2024 నవంబరులో తీసేశారు. ప్రభుత్వ ఉద్యోగం చేసే ఆడవాళ్ళకు 180 రోజులు జీతంతో ప్రసూతి సెలవు ఉంది. ఉండాలి కూడా. వాళ్ళకిచ్చింది తగ్గించమని నేను అడగడం లేదు. నేను పలాస-కాశీబుగ్గలో జీడిపిక్కల పని చేస్తాను. మాకు కిలోల లెక్కన కూలి. పనికి వెళ్ళని రోజు రూపాయి రాదు. ఆ ఉద్యోగిని బిడ్డా నా బిడ్డా ఒక్క రాష్ట్రం పిల్లలే కదా!

నాకు ఇద్దరు ఆడపిల్లలు. రెండో కాన్పు కాగానే ఆపరేషన్ చేయించుకున్నాను. ఆయన చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉంటారు. పెద్దది రెండో తరగతి, చిన్నదానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

పసిపిల్లని పక్కన పెట్టుకుని చేసే పని కాదు మాది. పిక్క కోస్తుంటే పెంకులోంచి సొన చిమ్ముతుంది. చేతులకు ఆముదం రాసుకున్నా వేళ్ళు నల్లబడి తోలు లేచిపోతుంది. చిన్నది పాలు తాగే రోజుల్లో యూనిట్‌కే తీసుకెళ్ళి, బస్తాల పక్కన పాత చీర పరిచి పడుకోబెట్టేదాన్ని. సబ్బుతో ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో సొన పోదు. ఓసారి పాలిచ్చేటప్పుడు నా వేలు తగిలి దాని బుగ్గ పొక్కింది. మర్నాడు మేస్త్రీ పిల్లని తేవొద్దన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. మరి ఎక్కడ ఉంచాలి?

అంగన్‌వాడీలో రోజంతా కూర్చోబెట్టుకునేది మూడేళ్ళు నిండిన పిల్లల్నే. అంతకన్నా చిన్నవాళ్ళకి బాలామృతం, గుడ్లు ఇంటికి ఇస్తారు. తిండి ఇస్తున్నారు, సంతోషం. పిల్లని చూసుకునే మనిషి మాత్రం లేదు. 'తల్లికి వందనం' డబ్బులు కూడా బడికి వెళ్ళే పిల్లలకే. పుట్టినప్పటి నుంచి మూడేళ్ళు వచ్చేదాకా కూలి తల్లి బిడ్డ ఎవరి చేతుల్లో పెరగాలో మా దగ్గర ఎవరూ ఆలోచించలేదు.

చివరికి చిన్నదాన్ని కంచిలి దగ్గర మా అమ్మ ఇంట్లో వదిలాను. ఆదివారం వెళ్ళి చూసి వస్తాను. "ఏటమ్మా, కన్న గుంటని అక్కడొదిలేసి ఎలాగుంటన్నావు?" అని మా వీధిలో అడుగుతారు. అలా అడిగేవాళ్ళలో ఒక్కరైనా నాలుగు గంటలు పిల్లని చూస్తామన్నవాళ్ళు లేరు.

మాది ఉద్దానం. ఇక్కడ కూలికి పోయే తల్లుల పిల్లల్ని పెంచేది అమ్మమ్మలు, నాయనమ్మలే. ఆ ముసలివాళ్ళనే కిడ్నీ జబ్బు పట్టుకుంటోంది. మా అమ్మకూ వచ్చింది. ఇప్పుడు డయాలసిస్ చేయించుకుంటోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచాక మాలాంటివాళ్ళకి దూరాభారం తగ్గింది, ఆ మేలు మరువలేం. కానీ డయాలసిస్ రోజు మా అమ్మ ఇంటికొచ్చేసరికి లేచి మంచినీళ్ళు తాగే ఓపిక కూడా ఉండదు. కొత్తగా నడక నేర్చిన పిల్ల వెనక ఎలా తిరుగుతుంది? రోగం లెక్కలు రాసేటప్పుడు ఆ రోగి ఒళ్ళో పెరిగే పిల్లని ఎవరూ రాసుకోరు.

పని మానేస్తే అద్దె కట్టలేను. పెద్దదాన్ని బడి మాన్పించి చిన్నదానికి కాపలా పెట్టమని అయినవాళ్ళే సలహా ఇచ్చారు. ఆ పని చచ్చినా చెయ్యను. అలా తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయిన నాలుగో తరగతి పిల్లని మా వరసలోనే చూస్తున్నాను.

30 మందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు గది, ఆయా ఉండాలని పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేదని యూనియన్ మీటింగ్‌లో చెప్పారు. 2017లో ప్రసూతి చట్టం మార్చినప్పుడు కూడా 50 మంది ఉన్నచోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, పెట్టాలన్నారు. మేం పనిచేసేవి చిన్న యూనిట్లు. రిజిస్టర్లో పేరున్నవాళ్ళు కొందరే కాబట్టి ఆ లెక్కలోకి మేం రాము.

కలెక్టర్ గారికి, కార్మిక శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. నాలుగైదు యూనిట్లను కలిపి ఒక శిశు గది పెట్టించండి. ఖర్చు యజమానులు పంచుకోవచ్చు. ఆరు నెలలు నిండిన పిల్లల్ని కూడా చూసుకునేందుకు కేంద్రం 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే పథకం పెట్టింది. దాన్ని పలాస-కాశీబుగ్గలో జీడి పనివాళ్ళుండే వీధులకు ముందుగా ఇవ్వండి. ఉదయం మేం పనికెక్కే వేళకి తెరిచి, సాయంత్రం దిగేదాకా ఉంచాలి. మధ్యలో ఒకసారి వెళ్ళి పాలిచ్చి వచ్చేందుకు యూనిట్లో అనుమతి ఇప్పించాలి. ఈ ఏడాదే కొన్ని వీధుల్లోనైనా మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక జీడి కార్మికురాలు,
కాశీబుగ్గ, శ్రీకాకుళం జిల్లా