నీ ఫ్లోరైడ్ ప్రతిపాదన గురించి

ఒంగోలు

ప్రియమైన సుధాకర్,

కనిగిరి, పొదిలి ప్రాంతాల బోరు నీళ్లలోంచి తక్కువ ఖర్చుతో ఫ్లోరైడ్‌ను తొలగించాలన్న నీ పరిశోధన ప్రతిపాదనను శ్రద్ధగా చదివాను. దాన్ని పరిశీలించే నిపుణులు ఏం వెతుకుతారో వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీలన్నీ మనవాళ్ల గారపళ్లకూ వంగిన నడుములకూ కేటాయించావు. చదువుతుంటే గుండె బరువెక్కింది. కానీ ఆ సంగతి నిపుణులకు కొత్త కాదు. మన ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, షార్ట్ అనే పరిశోధకుడి బృందం ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బు గురించి ప్రకటించింది. నిపుణులు అడిగేది వేరు. పటిక, సున్నం కలిపే నల్గొండ పద్ధతి ఉండగా నువ్వు కొత్తగా కనుక్కోబోయేది ఏమిటి? తాగునీటికి గరిష్ఠ పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకు ఫ్లోరైడ్ దిగకపోతే, ఆ వైఫల్యం నుంచి కూడా నేర్చుకోదగినది ఏదైనా ఉంటుందా? ఫ్లోరైడ్ పట్టిన వడపోత గుండను పల్లెలో ఎక్కడ పారబోస్తారు, వానకు అది మళ్లీ భూమిలోకే దిగదా? ఈ చివరి ప్రశ్నకు నీ కాగితాల్లో ఒక్క వాక్యమూ లేదు. వేరే రంగం అధికారికి తట్టకపోవచ్చు గానీ, నీటి రసాయనంతో రోజూ కుస్తీ పట్టే మనిషి ముందు అక్కడికే వస్తాడు. సాటి శాస్త్రజ్ఞుల సమీక్ష మీద నాకున్న గౌరవమంతా అందుకే.

ఉదాహరణకు, పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో సాధారణంగా ముగ్గురు నిపుణులు ప్రతిపాదనను ముందుగా చదివి 1 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. అక్కడ 1 అంటే అత్యుత్తమం. తర్వాత కమిటీ కూర్చుని చర్చిస్తుంది. దరఖాస్తుదారుతో సంబంధం ఉన్న సభ్యుడు ఆ చర్చలో పాల్గొనకూడదు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా అదృష్టం పాత్ర చిన్నది కాదు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు నిధుల కోసం వచ్చిన 150 ప్రతిపాదనలను మరో నిపుణుల బృందంతో విడిగా చదివించి చూసిన అధ్యయనం 1981లో వెలువడింది. నిధులు దక్కడంలో ప్రతిపాదన నాణ్యత ఎంతో, అది ఎవరి చేతిలో పడిందన్నదీ దాదాపు అంతేనని అందులో తేలింది. కోవిడ్ టీకాలకు దారితీసిన ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధనకు 2023లో నోబెల్ అందుకున్న కాటలిన్ కారికోకు 1990లలో నిధుల దరఖాస్తులు వరుసగా తిరస్కరణకు గురయ్యాయి. అందుకే న్యూజిలాండ్ ఆరోగ్య పరిశోధన మండలి 2013లో ఒక పథకంలో, నిపుణుల వడపోత దాటిన వాటికి లాటరీ తీయడం మొదలుపెట్టింది. అర్హమైన వాటి మధ్య తేడా తేల్చలేనప్పుడు అది న్యాయమేనని నా నమ్మకం.

కాబట్టి ఒకవేళ నీది తిరిగివస్తే, సమీక్షకుల వ్యాఖ్యలు నాకు పంపు. ఇద్దరు ఒకే లోపం చూపితే దాన్ని సరిదిద్దుదాం. ఒకరు మెచ్చినదాన్నే మరొకరు కొట్టేస్తే, ఆ భాగాన్ని మరింత స్పష్టంగా రాసి మళ్లీ పంపుదాం. ముందు మాత్రం ఆ గుండ సంగతి రాయి.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

నీ
ప్రసాద్